టాటాల ఎంప్రెస్ మిల్లు నాగపూర్‌లోనే ఎందుకు?

ప్రశ్న: బొంబాయిలో అలెగ్జాండ్రా మిల్లును నడిపి లాభానికి అమ్మిన జంషెడ్జీ టాటా, రేవూ పెట్టుబడీ ఉన్న ఆ నగరాన్ని కాదని 1877 జనవరి 1న నాగపూర్‌లో ఎంప్రెస్ మిల్లును ప్రారంభించడానికి కారణమేమిటో ఎవరైనా వివరించగలరా?

జవాబు 1: ముఖ్య కారణం పత్తి. చుట్టుపక్కల పండే పత్తిని బొంబాయికి పంపి, నూలుగానో బట్టగానో తిరిగి తెప్పించుకొనే రవాణా ఖర్చు తప్పుతుందన్నది ఆయన లెక్క. రైలు మార్గం, నీరు, ఇంధనం కూడా అక్కడ అనుకూలించాయి.

జవాబు 2: స్థలం ఎంపిక కన్నా యంత్రాల విషయంలో చూపిన చొరవే గొప్పదని నా అభిప్రాయం. ఇంగ్లండు జౌళి కేంద్రమైన లాంకషైర్‌లోని మిల్లు యజమానులు ఇంకా సందేహిస్తున్న రింగు కదుళ్లను (నూలు వడికే కొత్త రకం యంత్ర భాగాలను) ఇక్కడ ముందుగా పరీక్షించి చూసి, ఆ తరువాతే విస్తృతంగా ప్రవేశపెట్టారు. కార్మికులకు 1886లో పింఛను నిధి, 1895లో ప్రమాద పరిహారం ఏర్పాటయ్యాయి. చట్టం వాటిని కోరని కాలమది.

ప్రశ్నించినవారు: ధన్యవాదాలండీ. ఇప్పుడు ఆ మిల్లు నడుస్తోందా?

జవాబు 1: లేదండీ. టాటాల చేతి నుండి రాష్ట్ర ప్రభుత్వ వస్త్ర సంస్థకు వెళ్లి, 2002లో మూతపడింది.