ఒంటిపూట బడులు మొదలయ్యాయి, మీ ఊరి బడి కబుర్లేంటి?

లంకరేవు (మార్చి 15, 2025)

నమస్కారమండి. ఇవాళ్టి నుంచి ఒంటిపూట కదా, మీ మీ ఊళ్ల సంగతులు చెప్పుకుందామని మొదలెట్టాను. మాది గౌతమి పాయలో లంక. బడి ఎనిమిదో తరగతి దాకా ఉంది. గంట 7:45కి కొట్టాలి, రేవులో పడవ మొదటి ట్రిప్పేమో 7:30కి. దిగాక ఇసుకలో నడక వేరే. మేష్టార్లు పడవాయన్ని బతిమాలుకుని ఏడింటికే కదిలేలా చేశారు.

ఈ మధ్య ఇంకేం జరిగాయంటే, వార్షికోత్సవం అయింది, బోరు మోటారు కాలింది, బళ్లో ఉన్న 18 కొబ్బరి చెట్లకి దింపు తీయిస్తే ఖర్చులు పోను 2,340 వచ్చింది, దాంతో ఫ్యాన్లు బాగుచేయించాం. మా లంక నుంచి పదో తరగతి పిల్లలు ఆరుగురు సోమవారం నుంచి అవతలి ఒడ్డున పరీక్ష సెంటర్‌కి వెళ్లాలి.

నాకు తెలియాల్సినవి: 2022లో హైస్కూళ్లలో కలిపిన 3, 4, 5 తరగతులు మన బళ్లకి వెనక్కి వస్తాయా? మీ దగ్గర కొత్తగా చేరే పిల్లలున్నారా? ఒంటిపూటప్పుడు భోజనం ఎన్నింటికి పెడుతున్నారు?

పదో తరగతి అమ్మ (మార్చి 15)

మా అమ్మాయిది ఈ ఏడాదే. ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలతో పబ్లిక్ రాసే మొదటి బ్యాచ్ వీళ్లదే. పాత పేపర్లు తిరగేద్దామంటే లేవు. నాకు రాత్రుళ్లు నిద్ర లేదు, అదేమో తొమ్మిదింటికే గుర్రుపెడుతోంది. హాల్ టికెట్ చూపిస్తే పల్లెవెలుగులో డబ్బులు తీసుకోరన్నారు. నిజమేనా? పరీక్ష 9:30కి, మా ఊరి బస్సు 8:50కి. అది రాలేదంటే ఆటోనే గతి.

కురిడీకాయ (మార్చి 15)

18 చెట్లకి 2,340 ఏంటండీ? మాది అంబాజీపేట పక్కన, తాతల నాటి నుంచి ఇదే వ్యాపారం. ఎన్ని కాయలు దిగాయి, ఎంతకి అమ్మారు, కాస్త చెప్పండి.

లంకరేవు (మార్చి 15)

240 కాయ. కాయ 12 చొప్పున 2,880. చెట్టుకి 30 చొప్పున దింపు కూలి 540. మిగిలింది 2,340. లెక్క బళ్లో గోడకి అంటించి ఉంది.

@పదో తరగతి అమ్మ, నిజమేనండి, హాల్ టికెట్ చాలు. పల్లెవెలుగు మాత్రమే ఎక్కించండి.

కురిడీకాయ (మార్చి 16)

చెట్టుకి 13 కాయేనా! మా తోటలో దింపుకి 20కి తగ్గదు. ఒలవని కాయ 12కి ఎవరు కొన్నారో పేరు అక్కర్లేదు గానీ, కమిటీ వాళ్ల చుట్టమా?

లంకరేవు (మార్చి 16)

ఏవండీ, మీ తోటకి ఎరువేస్తారు, నీళ్లు పెడతారు. మా బడి చెట్లకి పిల్లలు చేతులు కడిగిన నీళ్లే. పైగా తెల్లదోమ పట్టి ఆకంతా మసిబారి ఉంది. చుట్టం అన్నారు కాబట్టి చెప్తున్నా, కొన్నది కమిటీ చైర్మన్ బామ్మర్దే. లంకలోకి పడవ కట్టుకుని వచ్చి కొనేవాడు ఇంకెవడు? మీరొస్తారా?

పాత హెచ్ఎం (మార్చి 16)

నేను ముప్పై ఒక్క ఏళ్లు సర్వీసు చేసి రిటైరయ్యాను, అందులో పద్నాలుగేళ్లు హెడ్మాస్టర్‌గా. అసలు ప్రశ్న ఎవరూ వేయడం లేదు. బడి స్థలం పంచాయతీదా, విద్యా శాఖదా, దాత రాసిచ్చిందా? పంచాయతీదైతే ఫలసాయం వేలం వేయాలి. మీ ఇష్టానికి అమ్మి ఫ్యాన్లు బాగుచేయిస్తే ఆడిట్‌లో ఏం చెప్తారు? నేను పనిచేసిన రెండు ఊళ్లలో వేలం వేయించాను. రసీదు పుస్తకాలు ఇప్పటికీ నా దగ్గరున్నాయి.

వంటామె కొడుకు (మార్చి 16)

రసీదు పుస్తకాలు మీ దగ్గరెందుకున్నాయండి, బళ్లో ఉండాలి కదా?

భోజనం సంగతి అడిగారు కదా. 12:30కి గంట కొట్టగానే పెడతారు, తిని ఇంటికెళ్తారు. మా అమ్మ తెల్లవారుజామున లేచి పొయ్యి రాజేస్తుంది. వారంలో మూడు రోజులు రాగిజావ, మిగతా మూడు రోజులు చిక్కీ, ఐదు రోజులు గుడ్డు. గౌరవ వేతనం నెలకి 3,000. అదీ నెల తిరక్కుండా వస్తే గొప్పే. కూరగాయల బిల్లు మొన్నటిదాకా మా ఇంట్లో డబ్బుతోనే నడిచింది. పథకానికి డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు, సంతోషం. ఆ మహాతల్లిది మన లంకల గన్నవరమే. ఆవిడ పెట్టిన అన్నానికి బిల్లులు అడగలేదు నిజమే. మా అమ్మకి మాత్రం కిరాణా కొట్టువాడు అడుగుతున్నాడు.

పాత హెచ్ఎం (మార్చి 16)

నకళ్లు, బాబూ. నకళ్లు ఉన్నాయి అన్నాను.

వంటామె కొడుకు (మార్చి 16)

ఆ మాట అనలేదు మీరు. పైకెళ్లి చదువుకోండి.

కువైట్ నాన్న (మార్చి 17)

నా బాధ వేరు. 2022లో మా పేట బళ్లోంచి 3, 4, 5 తరగతులు తీసుకెళ్లి హైస్కూల్లో కలిపారు. కిలోమీటరు లోపే అన్నారు. గూగుల్ మ్యాపులో గీత గీస్తే కిలోమీటరే, మధ్యలో పంట కాలువ ఉంది. వంతెన మీదుగా తిరిగి వెళ్తే రెండున్నర. నా కూతురు అప్పుడు మూడో తరగతి. మా ఆవిడ రోజూ ఒక పూట కూలి మానుకుని దింపి వచ్చేది. చివరికి కాన్వెంట్ బస్సు ఎక్కించాం. ఇప్పుడు అలా కలపమన్న జీవో 117 తీసేస్తారంట. తీసేస్తే నా పిల్ల మూడేళ్లు వెనక్కొస్తుందా? నేనిక్కడ ఎండలో డ్రైవింగ్ చేసి పంపేదంతా ఆ బస్సు ఫీజుకే.

పచ్చబస్సు వ్యతిరేకి (మార్చి 17)

అన్నయ్యా, మీలాంటి వాళ్లు మాన్పించబట్టే మా బళ్లో పిల్లలు తగ్గిపోయారు. తగ్గారని టీచర్‌ని తీసేశారు. టీచర్ లేరని ఇంకో నలుగురు మానేశారు.

కువైట్ నాన్న (మార్చి 17)

ఆరేళ్ల పిల్లని కాలువ గట్టు మీద ఒంటరిగా నడిపించి అప్పుడు మాట్లాడు తమ్ముడూ. నీకు పిల్లలున్నారా?

పచ్చబస్సు వ్యతిరేకి (మార్చి 17)

లేరు. మూడో తరగతికి ఆరేళ్లేంటి, ఎనిమిది కదా. నేను టీచర్ ట్రైనింగ్ చేసి డీఎస్సీ కోసం చూస్తున్నా. 2018 తర్వాత డీఎస్సీ జరగలేదు, 2024లో ఇచ్చిన నోటిఫికేషనేమో రద్దు చేశారు. మీ అందరి పిల్లలూ కాన్వెంట్ బస్సులెక్కితే మా ఉద్యోగాలు ఎక్కడివి?

కురిడీకాయ (మార్చి 17)

తెల్లదోమ అన్నారు గనక చెప్తున్నా. దానికి మందు కొట్టి డబ్బు పోసుకోకండి. మా మామయ్య కొడితే మిత్ర పురుగులు పోయి దోమ రెట్టింపయింది. అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానం వాళ్లనడగండి. నీళ్లు పైకి గట్టిగా పిచికారీ చేసినా కొంత పోతుంది. ఆకు మీద మసి దోమ రసం మీద పెరిగే బూజు, అది రోగం కాదు. అసలు 13 కాయకి కారణం దోమ కూడా కాదు, దింపు ఆలస్యం. ఎన్నాళ్లకి తీయిస్తున్నారు?

లంకరేవు (మార్చి 18)

మూడు నెలలకి.

కురిడీకాయ (మార్చి 18)

అదిగో! రెండు నెలలకి మించకూడదు. మూడు నెలలు ఆగితే ఎండు కాయ తనంతట తానే రాలుతుంది. రాలింది ఎవడు ఏరుకుంటున్నాడో మీ గోడ మీద లెక్కలో ఉందా?

రేవు ఒడ్డు (మార్చి 18)

డబ్బుల గొడవ తర్వాత. పిల్లలు తిరిగే చోట ఎండు కాయలు మూడు నెలలు చెట్టు మీద వదిలేస్తారా? మా ఊళ్లో రెండేళ్ల కిందట ఎండు మట్ట పడి ఒకడికి భుజం విరిగింది. అప్పట్నుంచి మా బళ్లో ప్రార్థన వరండాలోనే.

లంకరేవు (మార్చి 18)

దింపు మనిషి దొరకడం లేదండి. ఉన్న ఒక్కాయనకి అరవై దాటాయి. కుర్రాళ్లెవరూ చెట్టెక్కడం లేదు.

పాత హెచ్ఎం (మార్చి 19)

నా హయాంలో నేనే నిలబడి దింపు తీయించేవాణ్ణి. క్రమశిక్షణ ఉండాలి.

వంటామె కొడుకు (మార్చి 19)

మీరే ఎక్కారా మేష్టారూ?

పదో తరగతి అమ్మ (మార్చి 24)

ఇవాళ లెక్కలు. సెంటర్ బయట చింతచెట్టు కింద ముగ్గురం తల్లులం కూర్చున్నాం. ఒకావిడ పూతరేకులు తెచ్చింది, నోట్లోకి పోలేదు. పన్నెండు ముప్పావుకి బయటికొచ్చి "బాగానే రాశా" అంది, మొహం మాత్రం ముడుచుకుని ఉంది. ఎల్లుండి ఫిజిక్స్, తర్వాత బయాలజీ, సోషల్ రంజాన్ అయ్యాక. నాకు పెళ్లిలో కూడా ఇంత టెన్షన్ లేదు.

వైనతేయ (మార్చి 25)

సైన్స్ రెండు పేపర్లూ యాభై యాభై మార్కులే, రెండు గంటలే, త్వరగా అయిపోతాయి. ధైర్యంగా ఉండండి వదినా. మా తమ్ముడు పదో తరగతిలో వచ్చిన మార్కులతో నూజివీడు ట్రిపుల్ ఐటీలో సీటు కొట్టాడు. సర్కారు బళ్లో చదివితే అక్కడ అదనపు పాయింట్లు కలుపుతారు, అది చాలామందికి తెలియదు. కాన్వెంట్‌కి ఫీజులు కట్టేవాళ్లు ఒకసారి ఆలోచించుకోండి.

కువైట్ నాన్న (మార్చి 25)

ఆలోచించాం అమ్మా. కాలువ మీద వంతెన కట్టించు, రేపే తెచ్చి చేరుస్తా.

కాలువ గట్టు (ఏప్రిల్ 9)

ఇక్కడ ఎవరూ నీళ్ల మాట ఎత్తలేదే? దాళ్వా వరి కోతలకొచ్చింది, కాలువలకి నీళ్లు కట్టేసే రోజులు దగ్గరపడ్డాయి. మా ఊరి చెరువు కాలువ నీళ్లతో నిండేదే. కట్టేశాక బడి ట్యాంకులోకి వచ్చేది బోరు నీళ్లు, అవేమో సముద్రం దగ్గరవడం వల్ల ఉప్పు. ఆ నీళ్లతో అన్నం వండితే పసుపు రంగులోకి తిరుగుతుంది, పప్పు ఎంతసేపటికీ ఉడకదు. పిల్లలు ఇంటి నుంచి సీసాలు తెచ్చుకుంటున్నారు. ఒంటిపూట పెట్టింది ఎండకనుకుంటారు, మా ఊళ్లో అయితే నీళ్లకి కూడా.

వంటామె కొడుకు (ఏప్రిల్ 9)

అక్షరాలా నిజం. పప్పు ఉడక్కపోతే తిట్లు మా అమ్మకే.

రేవు ఒడ్డు (ఏప్రిల్ 10)

చెరువు నింపుకోవాల్సింది కాలువ కట్టకముందే. మీ పంచాయతీ ఏం చేస్తోంది? చెరువులో చేపలు పెంచుకోడానికి వేలం పాటకిచ్చేసి ఉంటారు, చూసుకోండి.

కాలువ గట్టు (ఏప్రిల్ 10)

ఆయ్, ఇచ్చారు. పాట పాడింది ఎవరో చెప్తే ఇక్కడ ఇంకో వంద పోస్టులు పడతాయి.

పచ్చబస్సు వ్యతిరేకి (ఏప్రిల్ 20)

వచ్చేసింది!!! మెగా డీఎస్సీ, 16,347 పోస్టులు. బట్టలు సర్దేశాను, రేపు కోచింగ్‌కి అవనిగడ్డ బస్సెక్కుతున్నా. కువైట్ అన్నయ్యా, ఆ రోజు కోపంలో ఏదో అన్నాను, మనసులో పెట్టుకోకండి.

కువైట్ నాన్న (ఏప్రిల్ 20)

పెట్టుకోలేదు తమ్ముడూ. నెగ్గుకురా. మా పేటకే పోస్టింగ్ వేయించుకో.

లంకరేవు (ఏప్రిల్ 21)

మూడు రోజుల్లో సెలవులు. మా మేష్టార్లు ఇంటింటికీ తిరిగి తొమ్మిది మంది పేర్లు రాసుకొచ్చారు. అందులో నలుగురు ఇటుక బట్టీకి వెళ్లిన వాళ్ల పిల్లలు, జూన్ 12న బడి తెరిచేనాటికి వస్తారో రారో. "తల్లికి వందనం డబ్బులు ఎప్పుడేస్తారు?" అని ప్రతి ఇంట్లో అడిగారట. మేష్టారి దగ్గర జవాబు లేదు.

3, 4, 5 తరగతుల గురించి మాత్రం ఇక్కడ ఒక్కరూ సరిగా చెప్పలేదు.

పాత హెచ్ఎం (ఏప్రిల్ 21)

ఉత్తర్వులు వచ్చేదాకా ఎవరూ చెప్పలేరు. తరగతికో టీచర్ ఉండే మోడల్ ప్రైమరీ బళ్లు పెడతారంటున్నారు. మీ లంకలో అంతమంది పిల్లలెక్కడున్నారు? ఒడ్డు దాటి పంపాల్సి వస్తుంది. వరదల్లో ఎలా పంపుతారో ఇప్పుడే రాతపూర్వకంగా అడగండి. 2022 జూలై వరద రోజులు గుర్తు చేయండి. కాగితం మీద ఉన్నదే పనికొస్తుంది, ఇది మాత్రం అనుభవంతో చెప్తున్నా.

లంకరేవు (ఏప్రిల్ 21)

ఇది పనికొచ్చే మాట మేష్టారూ. రేపే రాయిస్తాను. రాసి ఇక్కడ పెడతాను, తప్పులుంటే దిద్దండి.

పదో తరగతి అమ్మ (ఏప్రిల్ 23)

ఫలితాలొచ్చాయి. వాట్సాప్‌లో సర్కారు వాళ్ల మన మిత్ర నంబరుకి హాయ్ పెట్టి, నంబరు కొట్టి, చేతులు వణికి రెండుసార్లు తప్పు కొట్టాను. 541!! లెక్కల్లో 79. చింతచెట్టు కింద నాతో కూర్చున్న వాళ్లలో ఒకావిడ కొడుక్కి సోషల్ పోయింది. ఫోన్ చేస్తే ఎత్తలేదు, సాయంత్రం ఇంటికెళ్తాను. సప్లిమెంటరీ మే నెలలోనే ఉందట కదా?

వైనతేయ (ఏప్రిల్ 23)

మేలోనే వదినా, ఏడాది పోదని చెప్పండి. ట్రిపుల్ ఐటీకి తప్పకుండా పెట్టించండి, పాలిసెట్ కూడా వదలొద్దు. రాష్ట్రం మొత్తం మీద 81.14 శాతం. మొదటి స్థానం పార్వతీపురం మన్యానిది, 93.90. కొండల్లో పిల్లలు కొట్టి చూపించారు.

కువైట్ నాన్న (ఏప్రిల్ 23)

శుభాకాంక్షలు చెల్లెమ్మా. స్వీట్లు తాపేశ్వరం కాజాలే పంచాలి, వేరేవి ఒప్పుకోం.

లంకరేవు (ఏప్రిల్ 23)

మా ఆరుగురిలో ఐదుగురు పాసయ్యారు. ఆరోవాడు పడవాయన కొడుకు. నెలంతా ఏడింటికే పడవ కదిలించింది ఆయనే. ఇవాళ కూడా ఎవరి దగ్గరా డబ్బులు తీసుకోలేదట.

కురిడీకాయ (ఏప్రిల్ 24)

అయ్యో పాపం. ఆ కుర్రాణ్ణి మే దాకా ఒక మేష్టారు దగ్గర కూర్చోబెట్టండి, ఖర్చేదైనా ఉంటే చెప్పండి.

జూన్‌లో బడి తెరిచేలోపు దింపు తీయిస్తానంటే మా మనిషిని పంపిస్తా, కూలి నేనే ఇచ్చుకుంటా. కాయ కూడా నేనే కొంటా, మార్కెట్ ధరకి. ఒక్క సంగతి అడగడం మర్చిపోయా. 18 చెట్ల మట్టల ఈనెలు ఎవరు పట్టుకెళ్తున్నారు? చీపుర్లు ఊరికే రావు కదండీ.

లంకరేవు (ఏప్రిల్ 24)

ఈనెలు వంటామె తీసుకుంటుంది. బడి ఊడ్చేది కూడా ఆవిడే. ఆ లెక్క అడక్కండి.