ఆషాఢంలో ఇంటిపట్టున ఉండే నాటక కళాకారులు రోజులెలా గడుపుతున్నారు?

తెనాలి చంద్రమతి:

అందరికీ నమస్కారం. నేను పద్యనాటకాల్లో వేషాలు వేస్తాను. ఎక్కువగా బలిజేపల్లి వారి హరిశ్చంద్రలో చంద్రమతి, కురుక్షేత్రంలో ద్రౌపది. ఉండేది తెనాలిలో, అద్దె పోర్షన్‌లో. శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్ళతో మొదలైతే శ్రీరామనవమి పందిళ్ళు, ఆ తర్వాత ఊరూరా అమ్మవారి జాతర్లు, ఎండలు ముదిరేదాకా ఊపిరి సలపదు. వానలు పడగానే జనం నాట్లలో పడతారు. ఆషాఢం వస్తుంది. ఇక వినాయక చవితి దాకా మాకు సెలవులే.

ఈ సెలవుల గురించే అడుగుతున్నాను. తోటి కళాకారులు, వాళ్ళ ఇళ్ళవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి.

సీజన్లో మధ్యాహ్నం కారెక్కితే రాత్రి ఎనిమిదింటికి మేకప్‌కి కూర్చుంటాం. తెర లేచేసరికి పది దాటుతుంది. వారణాసి సీను అయ్యేసరికి ఒంటిగంటో రెండో. నా అసలు పని కాటిసీనులో, అది మూడు దాటాకే. ముందు హరిశ్చంద్రుడు ఒక్కడే స్టేజీ మీద జాషువా గారి శ్మశానవాటి పద్యాలు ఎత్తుకుంటాడు. అప్పటిదాకా దుప్పట్లు కప్పుకుని పడుకున్న జనం కూడా లేచి కూర్చుంటారు. ఒక్కో పద్యానికి వన్స్ మోర్లు, మధ్యలో మైకులో చదివింపులు. అంతసేపూ నేను కొడుకు లోహితుణ్ణి భుజాన వేసుకుని తెరపక్కన నిలబడాలి. అందరి కళ్ళూ మూతలు పడే ఆ వేళకి నా గొంతు పైషడ్జంలో, అంటే పై స్థాయి 'స'లో లేవాలి. ఏళ్ళ తరబడి ఇదే పని కాబట్టి ఒళ్ళు ఆ వేళకి అలవాటు పడిపోయింది. ఇంటికొచ్చి చాలా రోజులైనా రాత్రి రెండింటికి ఎవరో తట్టి లేపినట్టు మెలకువ వచ్చేస్తుంది. మా ఆయన నిమ్మకాయల యార్డులో పనిచేస్తారు, పొద్దున్నే వెళ్ళాలి. లైటు వేస్తే ఆయన నిద్ర చెడుతుంది. మెట్ల మీదకెళ్ళి కూర్చుంటున్నాను.

రెండోది గొంతు. చవితికి మొదటి ప్రోగ్రాం నాటికి గొంతు సిద్ధంగా ఉండాలంటే ఇప్పట్నుంచే సాధన చేయాలి. కానీ శోకం పద్యాలు ఇంట్లో వినబడకూడదని మా అత్తయ్య పట్టింపు. కొడుకు శవం మీద పడి ఏడ్చే పద్యం, పిల్లాడున్న ఇంట్లో, దీపం పెట్టే వేళ పాడితే ఏ తల్లికైనా గుండె గుభేలుమంటుంది. ఆవిడ మాట తీసెయ్యలేను. నేను ఊళ్ళు తిరిగినన్నాళ్ళూ నా పిల్లాడికి వేళకి అన్నం పెట్టి బడికి పంపింది ఆవిడే. మరి సాధన ఎక్కడ చేసుకోను?

మూడోది మా వాడు. లోహితుడి వేషం చాలా ఏళ్ళు వాడే వేశాడు. కాటిసీను వేళకి పాపం నిజంగానే నిద్రపోయేవాడు. నా పద్యాలన్నీ అయిపోయినా లేచేవాడు కాదు, విశ్వామిత్రుడు ప్రత్యక్షమై లోహితుణ్ణి బతికించేటప్పుడు నేను చెవిలో పిలిచి లేపేదాన్ని. ఇప్పుడు ఎనిమిదో తరగతి. ఒడిలో పట్టే వయసు దాటిపోయింది, వేషం మానేశాడు. ఈ సెలవుల్లో చూస్తున్నాను, ప్రోగ్రెస్ కార్డు మీద సంతకం కావాలన్నా, చొక్కా గుండీ ఊడినా నానమ్మ దగ్గరికే వెళతాడు. నా మీద కోపం లేదు. నేను మళ్ళీ వెళ్ళేదాన్నే కదా అని వాడి లెక్క. నాటకం నేను మానను, అది నా బతుకూ నా ప్రాణమూ. ఇంట్లో ఉన్న ఈ నాలుగు రోజుల్లో వాడికి దగ్గరవడానికి మీరంతా ఏం చేస్తుంటారో చెప్పండి.

హార్మోనియం మాస్టారు, గుడివాడ:

అమ్మా, గొంతు విషయం నేను చెబుతాను. మీ అత్తయ్యగారు వద్దన్నది ఏడుపు పద్యాన్ని, రాగాన్ని కాదు. సాహిత్యం వదిలేసి ఆ రాగాలే ఆకారంలో ఆలాపన తీయండి. ఇంట్లో వినబడినా ఆవిడకి అభ్యంతరం ఉండదు. పద్యమే పాడాలనిపిస్తే ద్రౌపది పద్యాలు ఉండనే ఉన్నాయి.

సీజన్లో మీరు అయిదున్నర శ్రుతిలో పాడుతుంటే ఇప్పుడు నాలుగున్నర శ్రుతికి దిగండి. ఫోనులో శ్రుతిపెట్టె యాప్ పెట్టుకోండి, చాలు. తెల్లవారుజామున మంద్రస్థాయిలో, అంటే కింది స్వరాల్లో మొదలుపెట్టి, షడ్జం మీద ఊపిరి అందినంతసేపు నిలపండి. తొందరపడి పైకి వెళ్ళకండి. చవితి ఇంకా మూడు వారాలుందనగా అర శ్రుతి పెంచండి, తర్వాత ఇంకో అర. పక్కింటివాళ్ళకి ఇబ్బందని చాలామంది గుసగుసగా సాధన చేస్తారు, అది మటుకు చేయొద్దు. గుసగుసలో గొంతు ఇంకా అలసిపోతుంది. తక్కువ శ్రుతిలో నిండుగా పాడటమే మేలు.

మిరియాలు, కరక్కాయ, అతిమధురం అని ఒక్కొక్కరు ఒక్కోటి చెబుతారు. నేను చూసినంతలో గొంతు పాడయ్యేది తెల్లార్లూ నాటకం ఆడి, ఆకలితో కారం దోసెలు తిని వెంటనే పడుకోవడం వల్ల. సెలవుల్లో ఆ బాధ ఎలాగూ లేదు కాబట్టి రాత్రి భోజనం పెందలాడే ముగించండి. మీ ఊళ్ళో కాలవలున్నాయి కదా, పొద్దున్నే గట్టు మీదకి వెళితే మిమ్మల్ని అడిగేవాడు ఉండడు. కాటిసీను పద్యాలు అక్కడ పాడుకోండి.

పాత లోహితుడు:

నమస్తే అమ్మా. నేను హైదరాబాదులో ఒక కంపెనీలో ఉద్యోగం చేస్తున్నాను. మా అమ్మ కూడా చంద్రమతి వేసేది, నేను లోహితుణ్ణి. మీ మూడో ప్రశ్న చదివాక జవాబు రాయకుండా ఉండలేకపోయాను.

మీ వాడు ఏమనుకుంటున్నాడో నాకు తెలియదు, నా సంగతి చెబుతాను. నలుగురి ముందు అమ్మ నన్ను పట్టుకుని ఏడుస్తుంటే ఆ ఏడుపు అబద్ధమని తెలిసినా ఒళ్ళు జలదరించేది. ఆవిడ కన్నీళ్ళు నిజంగానే నా బుగ్గ మీద పడేవి. కదలకూడదు. కన్ను తెరవకూడదు. అందుకని అమ్మ ఒక ఏర్పాటు చేసింది. పద్యం ఎత్తుకునే ముందు కొంగు చాటున నా బొటనవేలు గట్టిగా నొక్కేది. నేను తిరిగి నొక్కాలి. అప్పుడుగానీ పద్యం ఎత్తుకునేది కాదు. అది మా ఇద్దరికే తెలిసిన సంగతి, మా నాన్నకి కూడా తెలియదు.

వేషం మానేశాక ఆ పని పోయింది. అమ్మ ప్రోగ్రాములకి వెళుతుంటే నేను ఇంట్లో ఉండేవాణ్ణి. నాకు లోటనిపించింది అమ్మ ఇంట్లో లేకపోవడం కాదు, ఆవిడ పనిలో నా వంతు లేకపోవడం. ఒక వానాకాలం అమ్మకి కొత్త వేషం వచ్చింది, తులాభారంలో సత్యభామ. పద్యాలన్నీ రూళ్ళ నోటుపుస్తకంలో రాసుకుంది. పుస్తకం నా చేతిలో పెట్టి అందింపు చెప్పమంది. కృష్ణుడి మాటలు నేను చదవాలి, సత్యభామ మాటలు ఆవిడ చూడకుండా చెప్పాలి. తప్పు పోతే నేను ఆపాలి. పద్యం మధ్యలో అక్షరం తేడా వస్తే యతి పోయిందని పట్టుకునే దాకా వచ్చాను. బళ్ళో తెలుగు మాస్టారు ఛందస్సు చెప్పేటప్పటికి నాకు ఉత్పలమాల నడక చెవికి వచ్చేసింది.

అందుకని, మీరు మీ వాడి చొక్కా గుండీల కోసం పోటీ పడకండి. అది నానమ్మ దగ్గరే ఉండనివ్వండి, ఆవిడకీ అదే సంతోషం. మీ పనిలోకి వాణ్ణి పిలవండి. ఎనిమిదో తరగతి పిల్లాడికి అమ్మ తప్పు పట్టుకునే అవకాశం ఇస్తే ఎంత గర్వంగా చేస్తాడో చూడండి. ఇంకొకటి. వచ్చిన మొదటి రోజే మార్కులు, స్నేహితులు, టీచర్లు అని వరసపెట్టి అడగొద్దు. మా అమ్మ అడిగేది. నాకు చెప్పాలనిపించేది రెండు మూడు రోజుల తర్వాత, అన్నం తినేటప్పుడు.

చిందు కళాకారుడు, నిజామాబాద్ జిల్లా:

అక్కా, మేము చిందు యక్షగానం ఆడెటోళ్ళం. మా అమ్దాపూర్ చిందుల ఎల్లమ్మ పేరు మీరు వినే ఉంటరు, ఆమె మగ వేషాలు కట్టి నిలవడితె జనం కన్ను తిప్పకపోయేది. మా కులంల ఆట ఇంటిల్లిపాదిది. పంటలు ఇంటికొచ్చినంక ఊర్లు తిరుగుతం, వానలు పడంగనే ఇల్లు చేరుతం.

నిద్ర పడ్తలేదంటున్నరు గద. పగలు నాట్లకు వొయ్యి మోకాలి లోతు బురదల వంగితె రాత్రి నిద్ర అదే పడ్తది, ఇది మా మాట. మీకు పొలం లేకపోతె పొద్దుగాల ఎండల ఒక గంట నడువుండ్రి. పగటి పూట ఎంత కండ్లు మూతవడ్డా పండుకోవద్దు. నాలుగైదు దినాలు తిప్పలైతది, తర్వాత ఒళ్ళు దారికొస్తది.

ఇంగ మాకు వానకాలం ఇంకో పని ఉంటది. మా కిరీటాలు, భుజకీర్తులు పొనికి కట్టెతోని చేస్తరు. తేలిగ్గుంటయి గని దెబ్బ తాకితె పెచ్చులు లేస్తయి. ఆట నడిచినన్ని దినాలు సదిరే తీరిక ఉండదు. గిప్పుడు అన్ని ముంగటేసుకొని కూసుంటం. ఊడిన అద్దం ముక్కలు మళ్ళ అంటిస్తం, రంగు ఏస్తం. నా బిడ్డ ఇంటర్ చదువుతది, రంగులన్ని ఆమె చూసుకుంటది. పోయినేడు కిరీటం మీద నెమలి ఈకల బొమ్మ ఆమెనే గీసింది, ఆట నాడు అందరికి చూపెట్టుకుంట తిరిగింది. పైన తమ్ముడు చెప్పింది నిజమే. పిల్లలకు పని చెప్పుండ్రి. మీ చీరెలకు, సొమ్ములకు గూడ సదిరేటియి ఉంటయి గద.

సురభి ఇంటి ఆడపడుచు:

నాకు మీ బాధ కొంత కొత్తగా ఉంది, ఎందుకంటే మా ఇళ్ళల్లో నాటకం ఇంటి బయట లేదు. కడప జిల్లా సురభి ఊళ్ళో 1885లో కీచకవధ ఆడిన దగ్గర్నుంచి మావి కుటుంబాలతో కలిసి నడిచే సమాజాలే. అమ్మ చంద్రమతి అయితే లోహితుడు ఇంటి పిల్లాడే, పెట్టే బేడా సర్దేది నానమ్మే. క్యాంపు ఎక్కడ వేస్తే ఇల్లు అక్కడే. అందుకే మాకు ఇంటికి రావడమనే మాట ఉండేది కాదు.

ఇప్పుడు పిల్లల చదువుల కోసం చాలామందిమి హైదరాబాదులో స్థిరపడ్డాం. మీకున్న ఇబ్బంది ఇప్పుడు మాకూ మొదలైంది. మీ అత్తయ్యగారు మీ నాటకం ఎప్పుడైనా మొత్తం చూశారా? చూడకపోతే ఈసారి దగ్గర్లో ప్రోగ్రాం ఉన్నప్పుడు తీసుకెళ్ళి ముందు వరసలో కూర్చోబెట్టండి, లోహితుడు లేచి కూర్చునేదాకా ఉంచండి. సగంలో ఇంటికెళ్ళిన వాళ్ళకి హరిశ్చంద్ర అంటే ఏడుపే గుర్తుంటుంది.

తెనాలి చంద్రమతి:

అందరికీ ధన్యవాదాలు. ఆడపడుచుగారు అడిగింది నిజం. మా అత్తయ్య వారణాసి సీను అయ్యాక మా వాణ్ణి నా దగ్గర వదిలేసి తెలిసినవాళ్ళింట్లో పడుకునేది. చివరి సీను ఎప్పుడూ చూడలేదు. చవితికి మా పక్క ఊళ్ళోనే ప్రోగ్రాం ఒప్పుకున్నాను, తీసుకెళతాను.

లోహితుడు బాబూ, నువ్వు రాసింది మా వాడికి చదివి వినిపించలేదు, కానీ నిన్న సాయంత్రం ద్రౌపది పద్యాల పుస్తకం ఇచ్చి అందింపు చెప్పమన్నాను. ముందు సెల్లు చూసుకుంటూనే చదివాడు. రాయబారానికి వెళ్ళే కృష్ణుడికి జుట్టు చూపించే చోట నేను ఒక పాదం దాటేశాను. సెల్లు పక్కన పెట్టి, "ఆగమ్మా, లైను మింగేశావ్" అన్నాడు. తర్వాత వాడు పుస్తకం వదల్లేదు. కర్ణుడి పద్యాలు కూడా ఇందులో ఉంటాయా అని అడిగాడు.

చిందు తమ్ముడూ, పొద్దున నడక మొదలుపెట్టాను. నిద్ర ఇంకా దారికి రాలేదు గానీ, నిన్న మెలకువ వచ్చేసరికి నాలుగయింది. చంద్రమతి కాటిసీను చీర అంచంతా పిగిలిపోయి ఉంది, దాన్ని కూడా బయటికి తీశాను.

మాస్టారూ, మీకొక ప్రశ్న. కాలవ గట్టు మీద నాలుగున్నర శ్రుతిలో పాడుతున్నాను. కింద బాగానే ఉంది, పైషడ్జం దగ్గర గొంతు జీరపోతోంది. పట్టుబట్టి సాధించాలా, వదిలెయ్యాలా?

హార్మోనియం మాస్టారు, గుడివాడ:

వదిలెయ్యండమ్మా. పంచమం ('ప') దాకా వెళ్ళి దిగిపొండి, వారం పాటు పైషడ్జం జోలికి వెళ్ళొద్దు. మధ్యలో గోరువెచ్చని నీళ్ళు తాగుతూ ఉండండి. వారం తర్వాత కూడా జీర తగ్గకపోతే సాధన ఆపి చెవి, ముక్కు, గొంతు డాక్టరుకి చూపించండి, చవితి దాకా ఆగొద్దు. అబ్బాయి కర్ణుడి పద్యాలు అడిగాడన్నారు కదా, వాడి గొంతు ఇప్పుడు మారే వయసు. చదవనివ్వండి, పైశ్రుతిలో పాడనివ్వకండి.