అప్‌డేట్: ఎలక్ట్రిక్ కార్ల రోడ్డు చప్పుడు లెక్క ఓ కొలిక్కి వచ్చింది

రోడ్డు చప్పుడు అంచనా వేసే మోడల్‌లో ఎలక్ట్రిక్ కార్లకి ఇంజన్ చప్పుడు సున్నా పెట్టేయొచ్చా అని అడిగాను కదా, ముందు కొలిచి చూడమన్నారు. లేన్ మధ్య నుంచి 7.5 మీటర్ల దూరంలో, 1.2 మీటర్ల ఎత్తున మైకు పెట్టాను. గంటకు 50 కి.మీ. దాటాక పెట్రోలు కారుకీ ఎలక్ట్రిక్ కారుకీ చప్పుడులో తేడా దాదాపు లేదు, వినబడేదంతా టైరు రొదే. తడి రోడ్డు రీడింగులు పక్కన పడేశా. నీళ్ల చిమ్ముడుకి పై ఫ్రీక్వెన్సీలు పెరిగిపోతాయి.

అందుకే క్నాసస్‌లో (CNOSSOS, చప్పుడు లెక్కకి యూరప్‌లో వాడే పద్ధతి, నా మోడల్ ఇదే) టైరు భాగం ముట్టుకోకుండా ఇంజన్ భాగం మాత్రం తగ్గించాను. అసలు తిరకాసు నెమ్మదిగా వెళ్లేటప్పుడే. పాదచారుల కోసం పెట్టిన హెచ్చరిక శబ్దం, ఐరాస 138వ నిబంధన ప్రకారం, 20 కి.మీ. వేగంలో 2 మీటర్ల దూరాన కనీసం 56 డెసిబెల్స్ ఉండాలి. అక్కడ సున్నా కుదరదు. ఇక తారు రకానికి సర్దుబాటు మిగిలింది.