టర్బో సైడ్-బై-సైడ్: రెండో రోజే బెల్టు తెగింది. ట్యూన్ ముందా, ప్యాడిల్ టైర్లు ముందా? ట్రైలర్ సంగతి కూడా చెప్పండి

ఇసుకలో_కొత్త

అందరికీ నమస్తే. నాలుగు నెలల కిందట సెకండ్ హ్యాండ్‌లో ఒక సైడ్-బై-సైడ్ (పక్కపక్కన సీట్లుండే నాలుగు చక్రాల ఆఫ్-రోడ్ బండి) తీసుకున్నాను. రెండు సీట్లు, టర్బో, 72 అంగుళాల వెడల్పు, సీవీటీ బండి, అంటే గేర్లు మార్చే పని లేకుండా రబ్బరు బెల్టుతో చక్రాలకి పవర్ వెళ్ళేది. ఏ కంపెనీదో రాయను, రాస్తే ఇక్కడ మా బండి గొప్పంటే మా బండి గొప్పని మొదలవుతుంది, నా ప్రశ్న గాలికి పోతుంది.

మొన్న తొలిసారి ఇసుక దిబ్బలకి వెళ్ళాం. మొదటి రోజు సూపర్. రెండో రోజు మధ్యాహ్నం ఒక పెద్ద దిబ్బ ఎక్కుతుంటే సగంలో ఢామ్మని చప్పుడు, ఇంజిన్ అరుస్తోంది గానీ బండి కదలదు, క్యాబిన్ అంతా కాలిన రబ్బరు వాసన. స్పేర్ బెల్టు తీసుకెళ్ళలేదు (తిట్టండి, పర్లేదు). ఎవరో పుణ్యాత్ములు తాడు కట్టి క్యాంపు దాకా లాగారు. అది చాలదన్నట్టు తిరుగు ప్రయాణంలో ట్రైలర్ తోక ఊపడం మొదలుపెట్టింది. కాస్త వేగం పెరిగితే చాలు, వెనక నుంచి ఎవరో పట్టుకుని ఆడిస్తున్నట్టు ఉంది. దారంతా టెన్షనే.

ఇప్పుడు అడిగేది ఏంటంటే, చేతిలో ఉన్న డబ్బుతో ఏదో ఒక్కటే చేయించగలను. ఇంజిన్ ట్యూన్ చేయిస్తే (కంప్యూటర్ సెట్టింగులు మార్చి పవర్ పెంచడం) దిబ్బలు తేలిగ్గా ఎక్కుతుందని మెకానిక్ అంటున్నాడు. ప్యాడిల్ టైర్లు ముందు తీసుకో అని ఫ్రెండ్ అంటున్నాడు. ఇప్పుడున్నవి బండితో వచ్చిన ట్రయల్ టైర్లే (మట్టి దారులకి చేసినవి). ట్రైలర్ ఒక ఇరుసుది, ఓపెన్. అదే చాలా, మార్చాలా?

పాతబోల్టు

తమ్ముడూ, ట్యూన్ మాట ఇప్పుడు ఎత్తకు. ఉన్న పవర్‌కే బెల్టు తెగింది, ఇంకో పాతిక గుర్రాలు కలిపితే ఆ వేడంతా ఎవరు మోస్తారు? మళ్ళీ ఆ బెల్టే.

అసలు ఎందుకు తెగుతుందో చూడు. సీవీటీలో రెండు కప్పీల మధ్య రబ్బరు బెల్టు ఒత్తిడితో పట్టుకుని తిరుగుతుంది. పట్టు జారిందా, రాపిడి, రాపిడితో పాటు వేడి. ట్రయల్ టైర్లు బరువెక్కువ, పైగా వాటి గుబ్బలు గట్టి నేలని కరవడానికి చేసినవి. ఇసుకలో అవి బండిని ముందుకి తోయవు, గొయ్యి తవ్వుతాయి. నువ్వు తొక్కుతూ ఉంటావు, బండి పాకుతూ ఉంటుంది, గాలి సరిగ్గా ఆడక బెల్టు ఉడుకుతుంది. ప్యాడిల్ టైరు పడవ తెడ్డులాగా ఇసుకని వెనక్కి నెడుతుంది, అదే దిబ్బ సగం యాక్సిలరేటర్‌తో ఎక్కుతావు. కాబట్టి మీ ఫ్రెండ్ చెప్పిందే రైటు. వెనక ప్యాడిల్స్, ముందు మధ్యలో ఒక గీత లేచి ఉండే నున్నటి టైర్లు. ముందు వెనక టైర్ల ఎత్తు మధ్య తేడా, కంపెనీ బిగించిన వాటికి ఎంత ఉందో అంతే ఉండేలా చూసుకో, లేకపోతే ఫోర్ వీల్‌లో పెట్టినప్పుడు ముందు డిఫరెన్షియల్ (ముందు చక్రాలకి పవర్ పంచే గేర్ల పెట్టె) ఏడుస్తుంది. తెడ్లు ఏ వైపు తిరగాలో టైరు మీద బాణం గుర్తు ఉంటుంది. బిగించేటప్పుడు తలకిందులు చేసినవాళ్ళని చాలామందిని చూశాను, అందులో నేనూ ఒకణ్ణి.

ఇంకో మాట, క్యాంపులో నెమ్మదిగా తిరిగేటప్పుడు, మెత్తటి ఇసుకలో కదలడం మొదలుపెట్టేటప్పుడు, ట్రైలర్ ఎక్కించేటప్పుడు లో గేర్‌లో పెట్టు. కొత్తవాళ్ళు హైలోనే అన్నీ చేస్తారు, సగం బెల్టులు అక్కడే కాలతాయి.

ఇక ముఖ్యమైంది. తెగిన బెల్టు తీసి కొత్తది వేశావు సరే, లోపల శుభ్రం చేశావా? మూత విప్పి టార్చి వేసి చూడు. బెల్టు లోపలి దారాలు జుట్టులాగా విడిపోయి ముందు క్లచ్ (ఇంజిన్ వైపు కప్పీ) వెనక షాఫ్ట్ చుట్టూ చుట్టుకుని ఉంటాయి, పైకి కనపడవు. ముక్కు పొడుగు ప్లయర్‌తో ఒక్కో పోగూ లాగాలి. నాకు ఒకసారి గుప్పెడు వచ్చింది. అది అలాగే ఉంటే పక్కనున్న సీలుని కోసేస్తుంది. గాలి బయటికి పోయే గొట్టం కూడా విప్పి దులుపు, రబ్బరు ముక్కలు అక్కడ ఇరుక్కుంటే కొత్త బెల్టుకి ఊపిరాడదు. క్లచ్ ముఖాలు గరుకు ప్యాడ్‌తో రుద్ది, బ్రేక్ క్లీనర్‌తో తుడిచి, ఆ తర్వాత వేలితో ముట్టుకోకు. కొత్త బెల్టుని మొదటి 40-50 కిలోమీటర్లు వేగం మారుస్తూ మెల్లగా నడిపి, మధ్యలో చల్లారనిచ్చి అలవాటు చెయ్యాలి. వెయ్యగానే దిబ్బ మీదకి ఎక్కించావో, మళ్ళీ తాడే గతి.

బెల్టు టెంపరేచర్ మీటరు ఒకటి పెట్టించు. ట్యూన్ కంటే అదే ఎక్కువ పనికొస్తుంది.

గేరుమనిషి

అందుకే నేను బెల్టు లేని బండి తీసుకున్నా 😄 హోండా టాలన్‌లో డ్యూయల్ క్లచ్ గేర్‌బాక్సు, యమహా వైఎక్స్‌జెడ్‌లో 5 గేర్లు. స్పేర్ బెల్టు, మీటరు, ప్లయరు గోల ఏమీ లేదు.

పాతబోల్టు

టర్బో బండి మనల్ని దాటి పోతుంటే వెనక నుంచి వీడియో తీసుకోవడం కూడా ఉంది కదా అందులో 😄 సరదాకే అన్నా. నమ్మకం విషయంలో నువ్వు చెప్పింది నిజమే.

ఇసుకలో_కొత్త

పాతబోల్టు అన్నా, ఇప్పుడే మూత విప్పి చూశాను. మీరు చెప్పినట్టే షాఫ్ట్ చుట్టూ నల్లటి పోగులు! కొత్త బెల్టు వేసి పది రోజులైంది, అదృష్టం బాగుండి ఇంకా బయటికి తియ్యలేదు. ట్రైలర్ గురించి ఎవరైనా చెప్పండి ప్లీజ్.

రెండిరుసులు

ట్రైలర్ సంగతి నేను చెప్తాను. చిన్న ప్రశ్న: బండిని ముందుకే ఎక్కించారా? వెనక చక్రాలు ట్రైలర్ చివర్లో ఉన్నాయా?

ఇసుకలో_కొత్త

అవునండి. సామాను పెట్టెలు, ఐస్ బాక్సు, జనరేటర్ కూడా బండి వెనక బెడ్‌లోనే పెట్టాం, ముందు ఖాళీ.

రెండిరుసులు

దొరికింది. వీటిలో ఇంజిన్ సీట్ల వెనక ఉంటుంది, కాబట్టి బండి బరువు ఎలాగూ వెనక చక్రాల మీదే ఎక్కువ. దాన్ని ట్రైలర్ తోక దగ్గర ఆపి, పైన జనరేటరు కూడా ఎక్కించారు. ట్రైలర్ ముక్కు తేలికైపోతుంది, తోక ఊపుతుంది. మొత్తం ట్రైలర్ బరువులో 10 నుంచి 15 శాతం హిచ్ (లాగే బండికి ట్రైలర్ తగిలించే చోటు) మీద పడాలి. మీ బండి రెండు సీట్ల టర్బో కాబట్టి ఒక 750 కిలోలు వేసుకోండి, పెట్రోలు, టూల్సు, రెండో సెట్ టైర్లు, నీళ్ళు, జనరేటర్ కలిపి తేలిగ్గా 900 దాటుతుంది. ట్రైలర్ సొంత బరువు 400 అనుకుంటే 1300. అంటే హిచ్ మీద 130 నుంచి 195 కిలోలు ఉండాలి. మీ లెక్క ప్రకారం 50 కూడా ఉండి ఉండదు. ఇవన్నీ నా అంచనాలు, మీరు మాత్రం అంతా ఎక్కించి వేబ్రిడ్జి మీద కాటా వేయించండి. బ్రోషర్‌లో రాసే బరువు చాలాసార్లు పెట్రోలు, నూనె లేకుండా తూచింది, దాన్ని నమ్మి మోసపోయినవాళ్ళు బోలెడు.

బండిని ఇంకాస్త ముందుకి జరపండి, జరగకపోతే వెనక్కి తిప్పి ఎక్కించి హిచ్ బరువు మళ్ళీ చూసుకోండి. అలా తిప్పినప్పుడు ముందు అద్దం, పై కప్పు ఉంటే గాలి వెనక నుంచి వాటిని లేపడానికి చూస్తుంది, అందుకని కప్పు బోల్టులు ఒకసారి బిగించండి, అద్దం క్లిప్పులతో ఉంటే తీసి పక్కన పెట్టండి. జెండా కర్ర ఎలాగూ తీసెయ్యాలి, మర్చిపోతే ఇంటికొచ్చేసరికి సగం కర్రే ఉంటుంది.

ఒక ఇరుసు చాలా అంటే, దాని ప్లేటు మీద రాసిన మొత్తం బరువు చూడండి. 1588 కిలోలు, అంటే 3500 పౌండ్లు రాసి ఉంటే కాగితం మీద సరిపోతుంది. నేనైతే రెండు ఇరుసులు, రెండిటికీ బ్రేకులు ఉన్నది తీసుకుంటాను, ఒక టైరు పేలినా అదుపులో ఉంటుంది. ఇంకోటి, 72 అంగుళాలంటే దాదాపు 183 సెంటీమీటర్లు. మడ్‌గార్డుల మధ్య దూరం టేపు పెట్టి కొలవండి, టైర్ల పక్క ఉబ్బుతో సహా.

కట్టడం: నాలుగు మూలలా నాలుగు రాచెట్ బెల్టులు (పిడితో బిగించే పట్టీలు), వీలైతే టైర్ల మీదుగా కట్టేవి. ఫ్రేముకి కట్టి సస్పెన్షన్ నొక్కితే, గతుకుల్లో బండి కిందికి దిగినప్పుడల్లా బెల్టు వదులై కొక్కెం ఊడే ప్రమాదం ఉంది. బెల్టు మీద తెగే బరువు, పనిచేసే బరువు అని రెండు అంకెలుంటాయి. రెండోది మొదటి దానిలో మూడో వంతే ఉంటుంది, లెక్క దానితోనే వెయ్యాలి. బయలుదేరిన పావుగంటకి ఒకసారి ఆపి మళ్ళీ బిగించండి. ఆగిన ప్రతిసారీ చక్రం మధ్యలో హబ్‌ని చేత్తో ముట్టుకోండి, వెచ్చగా ఉంటే ఓకే, చెయ్యి పెట్టలేకపోతే బేరింగు పోతోందని అర్థం. ట్రైలర్ టైర్లు అరగకముందే ముసలివైపోతాయి. పక్కన ఉన్న డాట్ కోడ్‌లో చివరి నాలుగు అంకెలు చూడండి, 2319 అంటే 2019లో 23వ వారంలో తయారైందని.

సాయంత్రపు_నీడ

అందరూ బండి గురించే చెప్పారు, నేను దిబ్బ గురించి చెప్తాను. మేం భార్యాభర్తలం ఇద్దరం ఎనిమిదేళ్ళుగా వెళ్తున్నాం. మీ డబ్బు ముందుగా వెళ్ళాల్సింది టైర్లకి కూడా కాదు, సీటు బెల్టులకి. కంపెనీ ఇచ్చిన మూడు పాయింట్ల బెల్టు ఉంటే నాలుగు పాయింట్ల హార్నెస్ వేయించండి. పక్కన తలుపు వల లేకపోతే అదీ. బండి పక్కకి ఒరిగినప్పుడు ఎవరికైనా చెయ్యి బయటికి పెట్టి ఆపుదామనే అనిపిస్తుంది, ఆలోచించేలోపే చెయ్యి వెళ్ళిపోతుంది. వల ఉండేది దానికోసమే.

దిబ్బకి గాలి వచ్చే వైపు వాలు తక్కువ, అవతలి వైపు ఇసుక జారి జారి 30-34 డిగ్రీల దాకా నిటారుగా ఉంటుంది. ఎక్కే వైపు నుంచి చూస్తే అవతల ఏముందో తెలీదు. గొయ్యి ఉండొచ్చు, ఆగిన బండి ఉండొచ్చు. అందుకని కొన దగ్గరికి రాగానే వేగం తగ్గించి కాస్త పక్కకి తిప్పి, అంచు వెంబడి చూసి దిగాలి. నేరుగా ఎగిరి దూకేది వీడియోల్లోనే, అక్కడ అవతల ఒక మనిషి నిలబడి సైగ చేస్తుంటాడు, అది మీకు చూపించరు. దిగేటప్పుడు ముక్కు నేరుగా కిందికి, బ్రేకు తక్కువ, యాక్సిలరేటర్ కొంచెం. అడ్డంగా దిగితే దొర్లుతారు.

మిట్టమధ్యాహ్నం నీడలుండవు, ఇసుకంతా ఒకటే తెల్లటి గోడలా కనిపిస్తుంది, పది అడుగుల గొయ్యి కూడా కనపడదు. ఆ టైంలో మేం బండి ఆపి తిని పడుకుంటాం. మీ బెల్టు కూడా మధ్యాహ్నమే తెగింది కదా, ఎండలో దానికీ కష్టమే. జెండా నేల నుంచి 8 అడుగుల ఎత్తున ఉండాలని చాలాచోట్ల రూలు, రూలు లేనిచోట కూడా పెట్టుకోండి, దిబ్బ అవతలి వాళ్ళకి ముందు కనిపించేది అదే.

పాతబోల్టు

అమ్మ చెప్పింది నూటికి నూరు. నేను ఒకటి మర్చిపోయాను, ఎయిర్ ఫిల్టర్. సెకండ్ హ్యాండ్ బండి కాబట్టి ఈ రోజే ఫిల్టర్ తీసి, దాని తర్వాత ఇంజిన్ వైపు వెళ్ళే గొట్టం లోపల తెల్ల గుడ్డతో తుడిచి చూడు. ఇసుక రేణువులు కనిపిస్తే పాత ఓనరు ఇంజిన్‌కి ఇసుక తినిపించాడన్నమాట.

ఇసుకలో_కొత్త

అందరికీ థాంక్స్. అప్‌డేట్: కాటా వేయించాను, అంతా కలిపి 1370 కిలోలు, హిచ్ మీద 40! బండిని ఒక అడుగు ముందుకి జరిపి, జనరేటర్‌ని ట్రైలర్ ముక్కు దగ్గర కట్టి మళ్ళీ తూస్తే 150 వచ్చింది. ఊపు పోయింది. హార్నెస్‌కి చెప్పాను, ప్యాడిల్స్ వచ్చే నెల. మెకానిక్‌కి ట్యూన్ వద్దని చెప్తే మొహం మాడ్చుకున్నాడు. తెల్ల గుడ్డ మాత్రం ఇంకా పెట్టలేదు, రేపు పొద్దున పెడతాను, ఈ రాత్రికి ప్రశాంతంగా పడుకోనివ్వండి.