అప్‌డేట్: సొరపాదుకు పిందెలు నిలుస్తున్నాయి

మేడమీద సొరపాదుకు పిందెలు వేలెడంత కాగానే పసుపెక్కి రాలిపోతున్నాయని వానల మొదట్లో అడిగాను. ఎరువు చాలక అన్నవాళ్లే ఎక్కువ. అది కాదు. పరాగసంపర్కం జరగడం లేదు, అంటే మగపువ్వు పుప్పొడి ఆడపువ్వుకు అందడం లేదు. అందుకే చేత్తో అంటిస్తున్నాను.

సొరపువ్వు సాయంత్రం విచ్చుతుంది. గుమ్మడికి చెప్పినట్టు పొద్దున్నే అంటిస్తే పువ్వు అప్పటికే వాడిపోతూ ఉంటుంది. చీకటి పడుతుండగా సన్నటి కాడ మీదున్న మగపువ్వు కోసి, రేకలు తుంచేసి, కింద పిందె ఉన్న ఆడపువ్వు మధ్యలో మెల్లగా రాయాలి. ఒక మగపువ్వు రెండు మూడు ఆడపువ్వులకు సరిపోతుంది. వాన పడేలా ఉంటే పువ్వు మీద కాగితం పొట్లం బోర్లించండి, పుప్పొడి తడిస్తే పనిచేయదు. పట్టిన పిందె మూడు రోజుల్లో లావెక్కుతుంది. పట్టనిది కొన నుంచి వడలుతుంది.

ఆ తర్వాత కూడా కొన్ని కుళ్లాయి. కోస్తే లోపల తెల్ల పురుగులు, అంటే పండు ఈగ. ఇక్కడే చాలామంది డబ్బు పోగొట్టుకునేది: మామిడికి వాడే మిథైల్ యూజినాల్ ఎర తీగజాతికి పనికిరాదు, క్యూలూర్ అనే ఎర అడిగి తీసుకోవాలి. అదీ మగ ఈగలనే పడుతుంది కాబట్టి పట్టిన పిందెకు వెంటనే పాత పల్చటి గుడ్డ సంచి తొడగడం తప్పదు. పుచ్చినవి కంపోస్టులో వేయొద్దు, పురుగు మట్టిలో కోశమై మళ్లీ ఈగగా లేస్తుంది. కవర్లో మూటకట్టి ఎండలో పడేయండి.

వేపనూనె లీటరుకు 5 మి.లీ. కొడుతున్నాను, పూలు విచ్చే వేళ మాత్రం కాదు.