అమలాపురం అని కొడితే "అమల" అనే వస్తోంది, రెగెక్స్ తెలిసినవాళ్లు చెప్పండి

కొబ్బరిలెక్కలు: పొద్దున్నుంచి దీంతోనే కుస్తీ పడుతున్నానండి, బుర్ర వేడెక్కిపోయింది. కొబ్బరి దింపు లెక్కలన్నీ వరసగా కొట్టి పెట్టాను. ఊరి పేరు ఒక పక్కకి, కాయల సంఖ్య ఒక పక్కకి రావాలి, అంతే. టెక్స్ట్‌లో కావలసిన ముక్కని పట్టే నమూనా, అదే రెగెక్స్, తెలుగు అక్షరాలే కదా అని [అ-హ]+ పెట్టాను. అమలాపురానికి "అమల" వస్తోంది. రాజోలుకి "ర", మామిడికుదురుకి ఒక్క "మ". దీనికి తెలుగు రాదా ఏంటి?

గోదారిగట్టు: ఎందులో చేస్తున్నారు? ఒక లైను ఉన్నదున్నట్టు పెట్టండి.

పాతకోడ్ మాస్టారు: పునాది లేకుండా మేడ కడితే ఇలాగే ఉంటుంది. గణితవేత్త స్టీఫెన్ క్లీనీ 1951లో నాడీకణాల నమూనాల గురించి రాస్తూ రెగెక్స్ వెనకున్న గణితం తెచ్చారు. 1968లో కెన్ థాంప్సన్ దాన్ని టెక్స్ట్ వెతకడానికి వాడే పద్ధతి ప్రచురించారు. యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌లో టెక్స్ట్ వెతికే కమాండ్ గ్రెప్ ఆ దారిలో వచ్చిందే. ముందు స్టార్ (*) అంటే ఏమిటో చెప్పండి.

లంకకుర్రాడు: ఏదైనా రావచ్చని. ఎవరికి తెలీదు?

పాతకోడ్ మాస్టారు: అది ఫైళ్లు వెతికేటప్పటి స్టార్, వైల్డ్‌కార్డ్. రెగెక్స్‌లో అయితే దానికి ముందున్నది అసలు లేకపోవచ్చు, ఎన్నిసార్లయినా ఉండొచ్చు అని. ప్లస్ అంటే కనీసం ఒక్కసారి. "ఏదో ఒక అక్షరం" అని చెప్పేది చుక్క.

లంకకుర్రాడు: వాడుకలో అన్నీ ఒకటేలెండి మాస్టారూ.

పాతకోడ్ మాస్టారు: ఒకటి కాదు! ఇలా అనుకునే గంటలు గంటలు తినేస్తారు.

కొబ్బరిలెక్కలు: అయ్యా, నా అమలాపురం సంగతి? గూగుల్ షీట్స్‌లోనండి, ఇంకెందులో చేస్తారు. లైను ఇలా ఉంటుంది:
అమలాపురం - 1200 కాయలు

చేలోకంప్యూటర్: తెలుగు వచ్చండి దానికి. మీరిచ్చిన హద్దులోనే తేడా. కంప్యూటర్లో ప్రతి అక్షరానికీ వరస నంబరు ఇచ్చే యూనికోడ్‌లో అ నుంచి హ దాకా అచ్చులు, హల్లులు ఉంటాయి. దీర్ఘం, కొమ్ము, గుడి, పొల్లు అన్నీ హ తర్వాత వస్తాయి. సున్నా అయితే అ కంటే ముందే ఉంది. మనకి "లా" ఒక్క అక్షరం, దానికి ల, దీర్ఘం అని రెండు. అందుకే అ, మ, ల తీసుకుని దీర్ఘం దగ్గర ఆగిపోయింది. అంబాజీపేట పెట్టి చూడండి, సున్నా అడ్డొచ్చి "అ" ఒక్కటే వస్తుంది.
తెలుగు గడి మొత్తం ఇవ్వాలంటే [ఀ-౿]+ అని రాయాలి. ఆ చివరిది తూము గుర్తు! ధాన్యం కొలిచిన తూముకి కూడా అందులో చోటుంది, చూశారా.

గోదారిగట్టు: అంత అక్కర్లేదు. పి.గన్నవరం వస్తే చుక్క దగ్గర మళ్లీ ఆగుతుంది. అంకె, గీత తగిలేదాకా తీసుకోమనండి:
^[^0-9-]+
బయటి టోపీ (^) లైను మొదలు. బ్రాకెట్ లోపలి టోపీ "ఇవి తప్ప".

లంకకుర్రాడు: ఇంతకీ వెయ్యి కాయలు ఎంతకి పోతున్నాయండి అటు?

కొబ్బరిలెక్కలు: రేటు అడక్కు తమ్ముడూ. గోదారిగట్టు గారూ, చాలావరకు వచ్చేశాయి. కొన్నింటికి మాత్రం గీత కూడా అతుక్కుని వస్తోంది.

చేలోకంప్యూటర్: అవి ఫోన్లో కొట్టినవా? చిన్న గీతని పెద్ద గీతగా మార్చేసి ఉంటుంది. కంటికి ఒకేలా ఉంటాయి గానీ రెండూ వేరు. [^0-9–-] అని రెండూ ఇవ్వండి. చిన్నది చివరే ఉండాలి. మధ్యలో పడితే "నుంచి, దాకా" అయి కూర్చుంటుంది. చివర మిగిలే ఖాళీకి ట్రిమ్ వాడండి.

కొబ్బరిలెక్కలు: ఊళ్లు సెట్. కాయలకి [0-9]+ పెట్టాను, వచ్చాయి. కానీ మొత్తం కూడితే 0 అంటోంది.

గోదారిగట్టు: బయటికొచ్చేది టెక్స్టే, సంఖ్య కాదు. పైన వాల్యూ ఫార్ములా తగిలించండి. 1,200 అని కామాతో కొట్టినవి ఉంటే [0-9,]+. లేకపోతే 1 దగ్గరే ఆగుతుంది.

పాతకోడ్ మాస్టారు: పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో అయితే అంకెలకి బ్యాక్‌స్లాష్ డి (\d) ఉంది. అది ౧, ౨, ౩ లాంటి తెలుగు అంకెల్ని కూడా పడుతుంది. [0-9] పట్టదు.

లంకకుర్రాడు: తెలుగు అంకెల్లో లెక్కలు ఎవరు రాస్తున్నారు మాస్టారూ?

పాతకోడ్ మాస్టారు: మా నాన్నగారి చిట్టా చూపిస్తా రా.

కొబ్బరిలెక్కలు: కామావే ఉన్నాయండి, సరిపోయింది. థాంక్సండీ. దింపు వాళ్లొచ్చారు, మళ్లీ చూస్తా.