పూజలో డీకన్ ఏమేం చెయ్యాలి?

మా కతోలిక విచారణకు (పారిష్‌కు) ఈ నెల కొత్త డీకన్ (ఫాదర్ కింది మెట్టులో అభిషేకం పొందిన సేవకుడు) వస్తున్నారు. మాది కడప మేత్రాసనం (బిషప్ గారి పరిధి). పూజ జరిగే పీఠం (బలిపీఠం) దగ్గర సర్దేది మేమే. ఆయన పనేది, ఫాదర్ పనేది? తెలిసినవాళ్లు చెప్పండన్నా.

జవాబు 1
ముందు స్టోల్ (పూజలో వేసుకునే పొడవాటి పట్టీ) చూడండి. ఎడమ భుజం మీద నుంచి కుడి పక్కకు ఏటవాలుగా రావాలి. ఫాదర్ మాదిరి మెడ చుట్టూ వేసి రెండు వైపులా వదిలితే తప్పు. డాల్మాటిక్ (డీకన్ పైన వేసుకునే చేతుల అంగీ) లేకున్నా ఇబ్బంది లేదు, ఆల్బ్ (పొడవాటి తెల్ల అంగీ), స్టోల్ చాలు.

సువిశేష గ్రంథాన్ని (సువార్తల పుస్తకాన్ని) డీకనే తెచ్చి పీఠం మీద పెడతారు. చదివే ముందు వంగి ఫాదర్ ఆశీర్వాదం అడుగుతారు. ప్రసంగం మామూలుగా ఫాదర్‌దే, అప్పగిస్తే డీకన్ చెప్పొచ్చు. విశ్వాసుల ప్రార్థనలోని మనవులు, చివర్లో జనాన్ని సాగనంపే మాట కూడా డీకన్‌వే.

జవాబు 2
ఎక్కువ తడబడేది కానుకల (రొట్టె, ద్రాక్షరసం) దగ్గర. పాత్రలో ద్రాక్షరసం, కొంచెం నీళ్లు పోసేది డీకనే. నీళ్లు చుక్క రెండు చుక్కలే సుమా, ఎక్కువైతే రసం పల్చనైపోతుంది. పోసి పాత్రను ఫాదర్ చేతికివ్వాలి. కానుకల ప్రార్థన ఫాదర్‌ది.

ఫాదర్ కానుకల మీద చేతులు చాపినప్పటి నుంచి పాత్ర ఎత్తి చూపేదాకా డీకన్ మోకరిస్తారు. అప్పుడు ఫాదర్ చెప్పే ప్రార్థనలో డీకన్ గొంతు కలపరు. ఆ ప్రార్థన ముగింపు స్తుతిలో మాత్రం పాత్ర ఎత్తి పట్టుకుంటారు, జనం ఆమెన్ అనేదాకా దించకూడదు.

జవాబు 3
ఇంకోటి. పాపసంకీర్తనం (పాపాలు ఒప్పుకుంటే విని క్షమాపణ ఇవ్వడం), వ్యాధిగ్రస్తుల అభ్యంగనం (జబ్బుపడ్డవాళ్లకు తైలం పూయడం) డీకన్ చెయ్యలేరు, జనం అడుగుతారు, ముందే చెప్పి పెట్టండి. జ్ఞానస్నానం (బాప్తిస్మం) ఇవ్వొచ్చు. పెళ్లికైతే విచారణ గురువు అధికారం అప్పగించాలి.